కర్నూలు పోతూ శంషాబాద్‌లో ఆగిన రెండు రోజులు

శంషాబాద్ వెళ్లొచ్చానని చెబితే ఆఫీసులో అందరూ ఒకటే అడిగారు, ఏ ఊరికి విమానం ఎక్కారని. నేను ఏ విమానమూ ఎక్కలేదు. రెండు రోజులు శంషాబాద్‌లోనే, దాని చుట్టుపక్కల మూడు ఊళ్లలోనే తిరిగాను. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా ఆ ఊళ్లను కిటికీలోంచి తప్ప చూడలేదు. మీలో చాలామంది కూడా చూసి ఉండరని రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల నా ఎడమ కాలు పనిచేయదు. లోహపు పట్టీల క్యాలిపర్ కట్టుకుని నడుస్తాను. పోయినేడాది పదేళ్లు వాడిన ఒక ఆటోమేటిక్ కారు కొన్నాను. దానికి క్లచ్ ఉండదు, గేర్లు అవే మారతాయి, కుడి కాలు ఒక్కటి చాలు. నలభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి, ఎవరినీ అడగకుండా కూరగాయలకు వెళ్లొచ్చిన రోజు నాకు ఇంకా గుర్తు.

మా చెల్లెలు ఉష బ్యాంకు ఉద్యోగి. ఈమధ్యే కర్నూలుకు బదిలీ అయింది. దాని కూతురు లాస్యకు పదేళ్లు. విశాఖలో నాన్నమ్మ దగ్గర ఉండి పరీక్షలు రాసింది. ఒంటరిగా విమానంలో హైదరాబాద్ వస్తుంది. దాన్ని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకుని కారులో కర్నూలు తీసుకెళ్తానని నేనే అన్నాను. ఉష రెండుసార్లు వద్దంది. "ఎందుకక్కా నీకు శ్రమ, నేనే వస్తాను." ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. మూడోసారి నేను పట్టుబట్టాను.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు మా అపార్ట్‌మెంటు పార్కింగులో, కారు నిలిపిన చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి మరక కనిపించింది. వంగి కారు కింద చూడటం నా వల్ల కాదు. వాచ్‌మన్‌ను పిలిస్తే చూసేవాడు. పిలవలేదు. పిలిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. పాత పేపరు ఒకటి ఆ మరక మీద వేసి పైకి వెళ్లిపోయాను.

బుద్వేల్

ఔటర్ రింగు రోడ్డు మీద బళ్ల వేగం నాకు భయం. అందుకే నేనుండే వనస్థలిపురం నుంచి ఆరాంఘర్ మీదుగా పాత దారి పట్టాను. తొమ్మిదిన్నరకు బయల్దేరాను. లాస్య విమానం ఒకటిన్నరకు దిగుతుంది. కావలసినంత సమయం ఉంది.

బుద్వేల్ దగ్గర జామకాయల బండి చూసి ఆగాను. బండి దగ్గరున్నామె కాయ కోసి, ఉప్పూ కారం రాసి ఇచ్చింది. మా వైపు జామకాయ వట్టిదే తింటాం. ఇక్కడ కారం లేకుండా ఇవ్వమంటే ఆమె నా వైపు జాలిగా చూసింది. డబ్బులిచ్చి గేరు మీటను ముందుకు నడిపే 'డి' లో పెట్టాను. కదల్లేదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్కసారి ఉలిక్కిపడి ముందుకు దూకింది.

"అక్కా, జర ఆగు," అంటూ జామకాయలామె పరుగెత్తుకొచ్చింది. "బండి కింద ఎర్రగ కారుతున్నది. నెత్తురు లెక్క."

"చాలా కారుతోందా అమ్మా?"

"చుక్క చుక్క పడుతున్నది. ఎవలకన్న చూపించుకో."

అప్పుడు నా కుడి అరికాలికి చెమట పట్టింది. వెనక్కి తిరిగితే గంటలో ఇల్లు చేరతాను. ముందుకెళ్తే అరగంటలో ఎయిర్‌పోర్టు. ముందుకే వెళ్లాను.

శంషాబాద్ బజారు

ఊరి బజారులో రోడ్డు పక్కనే ఒక షెడ్డు కనబడింది. మెకానిక్ ఓ ముప్పై ఐదేళ్ల మనిషి. కిందకు వంగి, వేలు తడిపి నాకు చూపించాడు. దానిమ్మ రసంలా ఉంది.

"గేర్‌బాక్స్ ఆయిల్ మేడం. గేర్‌బాక్స్ పోయింది. దించి విప్పాలె. నాలుగైదు రోజులు పడతది, ఖర్చు డెబ్బై, ఎనభై వేలు అయితది. బండి ఇడిసిపెట్టి పోండి."

"ఎక్కడి నుంచి కారుతోందో చూశారా?"

"చూసేదేముంది. ఇప్పితే తెలుస్తది."

మాటలో మోసం ఉందో లేదో నాకు తెలియదు. చూడకుండానే పోయిందంటున్నాడనిపించింది. కానీ ఆ మాట నిజమైతే? గడియారం పన్నెండు కావస్తోంది. కారు అక్కడే వదిలి క్యాబ్‌లో వెళ్లి ఉండాల్సింది. ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలిగ్గా తెలుస్తోందో. అప్పుడు మాత్రం పదేళ్ల పిల్ల ముందుకు సొంత కారులో వెళ్లాలన్న పట్టుదల ఒక్కటే ఉంది నాలో. మళ్లీ వస్తానని చెప్పి బయల్దేరాను.

తొండుపల్లి ఎత్తు

కంగారులో ఎయిర్‌పోర్టు మలుపు తప్పాను. హైవే మీద తొండుపల్లి వైపు వచ్చేశాను. వెనక్కి తిరిగే చోటు కోసం వెతుకుతూ ఒక ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ గొంతు ఉన్నట్టుండి పెరిగింది. కాలు ఇంకా నొక్కాను. ఇంజన్ అరుస్తోంది, కారు మాత్రం నెమ్మదిస్తోంది. మాడిన వాసన లోపలికి వచ్చింది. ఎత్తు సగంలో కారు పూర్తిగా ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

బ్రేకు తొక్కాను. హ్యాండ్ బ్రేకు లాగాను. నాలుగు లైట్లూ వెలిగే మీట నొక్కాను. అద్దంలో ఒక కంకర లారీ పెద్దదవుతూ వస్తోంది. మామూలు మనిషైతే తలుపు తీసుకుని దూకేవాడు. నాకు కాలి పట్టీ సరిచేసుకుని, తలుపు పట్టుకుని, లేచి నిలబడటానికే అర నిమిషం పడుతుంది. కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాను. ఆ లారీ హారన్ కొడుతూ జానెడు దూరంలో పక్క నుంచి వెళ్లిపోయింది. కారంతా ఊగింది.

దాని వెనకే వస్తున్న ట్రాక్టరు మాత్రం పక్కకు తప్పుకోలేదు. ట్రాలీ నిండా బంతిపూల బస్తాలు. దాన్ని నా కారు వెనక అడ్డంగా నిలిపేసి, యాభై ఏళ్ల మనిషి ఒకడు దిగొచ్చాడు. నెరిసిన మీసం, భుజాన తువ్వాలు.

"పరేషాన్ కాకక్కా. ఇగ ఏ బండీ నీ మీదికి రాదు. ఏమైంది?"

చెప్పాను. ఎయిర్‌పోర్టులో పాప ఎదురుచూస్తూ ఉంటుందని కూడా అన్నాను. ఆయన కిందకు వంగి చూసి లేచాడు.

"ఆటోమేటిక్ కదా. దీన్ని తాడు కట్టి గుంజొద్దు, లోపల అరిగి పోతది. న్యూట్రల్‌ల పెట్టు, పక్కకు నూకుతం."

ఇద్దరు బైకుల వాళ్లను ఆపాడు. ముగ్గురూ కలిసి తోశారు, నేను స్టీరింగ్ తిప్పాను. కారు రోడ్డు పక్క మట్టిలోకి చేరాక హ్యాండ్ బ్రేకు లాగి, కాలి పట్టీ సరిచేసుకుని దిగాను. ఆయన పేరు మల్లేశ్. పాల్మాకుల రైతు. విమానాశ్రయం కట్టేటప్పుడు ఏడేళ్లు అక్కడ జేసీబీలు నడిపి, వాటి మరమ్మతులూ చేశాడట. ఇప్పుడు ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేస్తాడు.

"నువ్వు పోయి పొల్లను తెచ్చుకో. నేను పూలు మా తమ్మునికి ఒప్పజెప్పి బండి కాడనే ఉంట," అన్నాడు.

ముఖపరిచయం లేని మనిషి నన్ను నువ్వు అన్నాడు. మా వైపైతే అది అమర్యాద. ఆయన నోట మాత్రం ఇంట్లో మనిషి పిలిచినట్టే వినిపించింది. తాళాలు ఆయన చేతిలో పెట్టి క్యాబ్ ఎక్కాను.

విమానాశ్రయం

రెండూ పదికి లోపలికి చేరాను. ఒంటరిగా వచ్చే పిల్లల్ని, ఫారంలో పేరున్న మనిషికే, గుర్తింపు కార్డు చూసి అప్పగిస్తారు. చేతిసంచి వెతికితే కార్డు లేదు. కారు ముందరి అరలోనే ఉండిపోయింది.

అద్దాల అవతల, విమాన సంస్థ ఉద్యోగిని పక్కన లాస్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. మెడలో ఫారం ఉన్న సంచి. ఇరవై నిమిషాలుగా తలుపు వైపే చూస్తోందట. నన్ను చూడగానే లేచింది. ఉద్యోగిని దాని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"కార్డు లేకుండా పంపలేం మేడం."

"ఫోనులో ఉంది, చూడండి."

"సరే, కానీ తల్లితో ఒకసారి మాట్లాడాలి."

ఆమె ఉషకు ఫోన్ చేసింది, నా పేరు, నా పుట్టిన సంవత్సరం అడిగింది, తర్వాత ఫోన్ నాకిచ్చింది.

"అక్కా, కార్డు కారులో ఉండటమేంటి? కారెక్కడుంది?" అంది ఉష.

"బయట. టైరు పంచరైంది. వేయిస్తున్నాను."

"కారు బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది."

లాస్య నా ముఖంలోకి చూస్తూ ఉంది. బయటికొచ్చాక ఒక కాఫీ కొన్నాను. ఆ ధరకు మా వీధిలో నలుగురం టిఫిన్ చేస్తాం. క్యాబ్ ఎక్కేదాకా పిల్ల ఏమీ అడగలేదు. ఎక్కాక నెమ్మదిగా అంది, "పెద్దమ్మా, పంచరైతే క్యాబ్‌లో ఎందుకెళ్తున్నాం?"

దానికి నిజం చెప్పాను, ఎర్రటి మరక దగ్గర్నుంచి మొత్తం. విని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పాల్మాకుల

మేం వెళ్లేసరికి మల్లేశ్ కారు నీడలో కూర్చుని ఉన్నాడు. క్రేన్ బండి పిలిపించాడు. అది కారు ముందు చక్రాలు ఎత్తిపట్టుకుని పాల్మాకులకు, ఆయన ఇంటి ముందుకు చేర్చింది. ఇక్కడి ఇళ్ల ముందు వాకిలి మా వైపు కంటే విశాలం. ఒక మూల ట్రాక్టరు విడిభాగాలు, ఇంకో మూల రాలిన బంతిరేకులు. నెత్తి మీదుగా విమానాలు చక్రాలు కనిపించేంత కిందగా వెళ్తుంటే మాటలు ఆపి, అవి వెళ్లాక మళ్లీ అందుకుంటారు. అలా ఆపుతున్నట్టు వాళ్లకు తెలిసినట్టు కూడా లేదు.

మల్లేశ్ మొదట కారు ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద రాళ్లు పేర్చాడు. అడుగంతా కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

"అంత తడిగ ఉంటే యాడికెళ్లి కారుతున్నదో తెల్వదు. గాలికి నూనె వెనకకు పాకుతది. తుడిసి ఆరబెట్టి, మళ్ల నడిపి చూడాలె."

కింద అట్టముక్క పరిచి, నన్ను ఇంజన్ ఆన్ చేయమన్నాడు. లాస్యకు ఫోను లైటు ఇచ్చి, "చక్రాలకు దూరంగ ఉండి అట్ట మీద చూడు బిడ్డా. మొదటి చుక్క యాడ పడితే ఆడ చెప్పు," అన్నాడు. లాస్య నేల మీద బోర్లా పడుకుంది. నేను చేయలేని పని.

"ముందు వైపు పడింది. రేడియేటరు కింద," అంది అది కాసేపటికి.

ఇంజన్ ఆపించి మల్లేశ్ చెయ్యి పెట్టి తడిమాడు. గేర్‌బాక్స్ నుంచి రేడియేటరు దాకా నూనెను చల్లబరచడానికి తీసుకెళ్లే రెండు రబ్బరు గొట్టాలుంటాయి. అందులో ఒకటి బిగింపు దగ్గర నెర్రెలిచ్చింది. చేత్తో వంచితే నోరు తెరిచింది.

"గేర్‌బాక్స్ నుంచి కారుతలేదక్కా. గీ పైపుల నుంచి కారుతున్నది."

హమ్మయ్య అనుకుని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం నవ్వలేదు. నూనె కొలిచే పుల్ల తీసి, తెల్లగుడ్డ మీద ఒత్తి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ చూపించాడు. ఎరుపు కొంచెం గోధుమ రంగుకు తిరిగింది. మాడిన వాసన సన్నగా ఉంది.

"నూనె తక్కువున్నప్పుడు ఎత్తు ఎక్కిచ్చినవు. లోపల ఎంత కాలిందో నాకు కనవడదు. చుక్క చూసిన రోజే ఆపి ఉంటే గీ భయం లేకపోవు."

ఆ రాత్రికి అక్కడే ఉండమని ఆయన భార్య అంజమ్మ చెప్పింది. అడగలేదు, చెప్పింది. జొన్న రొట్టెలు చేతుల మధ్య తడుతూ ఒక్కొక్కటే వేడివేడిగా వేసింది. పచ్చిపులుసులో నువ్వులు, కాల్చిన పచ్చిమిర్చి, పచ్చి ఉల్లిపాయలు. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద మరగాలి, బెల్లం పడాలి. ఇక్కడ పొయ్యి ఎక్కకుండానే పులుసైపోయింది. లాస్య మూడు రొట్టెలు తింది. ఉష ఫోన్ చేసినప్పుడు, ఆలస్యమైందని, తెలిసినవాళ్లింట్లో పడుకుని పొద్దున్నే వస్తామని చెప్పాను. అదీ పూర్తి నిజం కాదు. లాస్య తల్లితో రెండు మాటలు మాట్లాడి ఫోన్ నాకిచ్చేసింది. నేను చెప్పమనకుండానే అది నా అబద్ధాన్ని మోస్తోంది. ఆ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు.

రెండో రోజు, గొట్టాల కొట్టు

ఆ కారు గొట్టం శంషాబాద్‌లో దొరకలేదు. సిటీ నుంచి తెప్పించాలంటే రెండు రోజులన్నారు. మల్లేశ్ నన్ను జేసీబీల గొట్టాలు తయారుచేసే కొట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ పాత ముక్కను కొలిచి, నూనెకూ వేడికీ తట్టుకునే గొట్టాన్ని అంతే పొడవుకు కోసి, కొసలు మిషను మీద నొక్కించారు. రెండో గొట్టం కూడా ముసలిదేనని దాన్నీ మార్పించాడు.

నూనె దగ్గర ఇంకో చిక్కు. ఆ కారు పుస్తకంలో రాసిన రకం మూడు కొట్లలో లేదు. కొట్టువాడు ఒకడు, "ట్రాక్టరుకు పోసేది కూడా ఎర్రగనే ఉంటది, అదే పోస్కో," అన్నాడు.

నేను మల్లేశ్ వైపు చూశాను. పదకొండైంది. ఉష ఎదురుచూస్తూ ఉంటుంది. "ఇప్పటికి అదే పోసేద్దామా?" అన్నాను.

"రంగు ఒక్కటైతే నూనె ఒక్కటి కాదక్కా. తొందరలో నిన్న ఒకసారి పోయినవు."

కారు పుస్తకం పట్టుకుని బయటికి నడిచాను. నాలుగో కొట్టులో సరైన డబ్బాలు దొరికాయి.

గొట్టాలు బిగించి, నూనె పోసి, ఇంజన్ నడుస్తుండగానే, గేరు మీటను ఒక్కో చోట ఆపి ఆపి తిప్పించి, పుల్ల మీద మట్టం చూశాడు. మళ్లీ కొంచెం పోశాడు. తర్వాత పక్కన కూర్చుని హైవే మీద తొండుపల్లి దాకా నాతో నడిపించాడు. నిన్నటి ఎత్తు దగ్గర నా కాలు బిగుసుకుపోయింది. "మెల్లగ నొక్కు," అన్నాడాయన. కారు ఎక్కింది. ఇంజన్ గొంతు పెరగలేదు.

తిరిగొచ్చాక అట్ట మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"కర్నూలు పోవచ్చా?"

మల్లేశ్ చేతులు తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పైపుల జిమ్మెదారి నాది. లోపలిది నాకు తెల్వదు. పోవచ్చని నేను చెప్తే రేపు పిల్ల సంగతి నా మీదుంటది. అరవై దాటకుంట, ముప్పై కిలోమీటర్లకోసారి ఆగి కింద చూసుకుంట పోతే పోవచ్చేమో. పోవుడు మాత్రం నీ ఇష్టం."

ఆయన అడిగిన కూలి ఇచ్చాను. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, తక్కువా అడగలేదు.

లాస్య అరుగు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. "పెద్దమ్మా, అమ్మకి చెప్పి వెళ్దామా?" అంది. గట్టిగా అడగలేదు. నా దగ్గర అనుమతి తీసుకుంటున్నట్టు అడిగింది.

ఉషకు ఫోన్ చేశాను. మరక, పేపరు, లారీ, పంచరు అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. 

"అక్కడే ఉండు. కారు కదిలించకు. నేను వస్తున్నాను," అని పెట్టేసింది.

రోడ్డు పక్కన

ఐదు కావస్తుండగా ఉష హైవే మీద బస్సు దిగి మల్లేశ్ ఇంటికొచ్చింది. బ్యాంకుకు కట్టుకున్న చీర, భుజాన సంచి. ముందు కూతుర్ని నిమిరి, చేతులూ కాళ్లూ చూసింది. తర్వాత నా వైపు వచ్చింది.

"లారీ గుద్ది ఉంటే నాకు ఎవరు చెప్పేవాళ్లక్కా?"

చుక్క పడని అట్టను దానికి చూపించాను.

"చుక్క కనబడిందని ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"నువ్వు వద్దనేదానివి."

"అనేదాన్నే. మళ్లీ వారం వెళ్దాం అనేదాన్ని. ఎప్పటికీ వద్దని అనేదాన్ని కాదు." భుజాన ఉన్న సంచి తీసి అరుగు మీద పెట్టింది. "అలా అంటాననే అనుకున్నావు కదా."

అనుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడం తొండుపల్లి ఎత్తు మీద కూర్చున్నంత కష్టంగా అనిపించింది. కానీ ఒప్పుకున్నాను.

అంజమ్మ చాయ్ తెచ్చింది. ఉష తాగుతూ మల్లేశ్‌ను ప్రశ్నలడిగింది, అప్పు ఇచ్చే ముందు బ్యాంకులో అడిగినట్టు. ఏ గొట్టం, ఏ నూనె, ఏం జరిగితే ఆపాలి. ఆయన ఒక్కోదానికి ఓపికగా చెప్పాడు. గేరు జారితే ఆపాలి, వాసనొస్తే ఆపాలి, చుక్క పడితే అక్కడే ఆపి తనకు ఫోన్ చెయ్యాలి.

నేను కారు తాళాలు సంచిలో వేసుకున్నాను. "మీరిద్దరూ బస్సులో వెళ్లండి. నేను ఇంటికి మెల్లగా వెళ్తాను."

ఉష గ్లాసు అరుగు మీద పెట్టింది. లేచి వెళ్లి కారు ముందు తలుపు తీసి కూర్చుని, బెల్టు పెట్టుకుంది. లాస్యను వెనక కూర్చోమంది.

"చీకటి పడేలోగా ఎంత దూరం పోతే అంత దూరం. తర్వాత ఎక్కడో ఒక చోట పడుకుందాం. ఎక్కు," అంది.

దక్షిణం వైపు

అరవై దాటలేదు. లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి. రేడియో పెట్టలేదు. ఇంజన్ చప్పుడు ఒక్కటే వింటున్నాం. ప్రతి ఎత్తుకూ ఉష చెయ్యి డాష్‌బోర్డు పట్టుకుంటోంది. నేను చూడనట్టు నడుపుతున్నాను.

షాద్‌నగర్ దాటాక ఒక ధాబా ముందు చదునైన చోట ఆపాను. వాళ్లిద్దరూ దిగారు. నేను సీట్లోనే ఉండి అద్దంలో చూస్తున్నాను. ఉష కొంగు నడుముకు దోపుకుని, కంకర మీద మోకాళ్లు ఆనించి, చెంప నేలకు దగ్గరగా పెట్టి కారు కిందకు చూసింది. లాస్య పక్కన లైటు పట్టుకుంది. చాలాసేపు లేవలేదు. 

లేచి, మోకాళ్లకు అంటిన కంకర దులుపుకుని నా కిటికీ దగ్గరికొచ్చింది.

"పొడిగా ఉంది. దిగు, ఆకలేస్తోంది," అంటూ, నేను లేవడానికి పట్టుకోమని చెయ్యి చాచింది.